అరటిని పడగొట్టిన గాలి పడవనేం చేస్తుంది?

వేసవిలో ఒక సాయంత్రం మబ్బు పట్టి అరగంట ఈదురుగాలి కొట్టిందంటే, మర్నాడు పులివెందుల వైపు పత్రికలో ఏ వార్త వస్తుందో ఎవరైనా చెప్పగలరు. లింగాల మండలంలో అరటి నేలకొరిగింది. కోతకొచ్చిన గెలలతో సహా చెట్లు నడుముకు విరిగాయి. ఉద్యానశాఖ వాళ్లు వచ్చి ఎకరాలు రాసుకున్నారు. ఏప్రిల్, మే నెలల్లో ఇది దాదాపు ఏటా చదివే కథే.

అదే లింగాల మండలంలో పార్నపల్లె ఉంది. అక్కడున్నది చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరు, జనం నోట సీబీఆర్. నిండితే పది టీఎంసీలు. 2022 డిసెంబరులో అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డి దాని ఒడ్డున బోటింగ్ జెట్టీ ప్రారంభించారు. తోటను పడగొట్టిన గాలి తోట గట్టు దగ్గరే ఆగిపోదు కదా! మరి ఆ సాయంత్రం ఆ నీళ్ల మీద ఎంత వేగంతో వీచింది? ఆ సంగతి ఏ పత్రికలోనూ రాదు. పడవేదీ మునగలేదు గనక వార్త లేదు. అది మన అదృష్టమే తప్ప, ఏర్పాటు కాదు.

కరువుకు పేరుపడ్డ జిల్లాలో పడవ గురించి మాట్లాడుతుంటే నవ్వు రావచ్చు. కానీ లెక్క చూడండి. గండికోట 26.85 టీఎంసీలు. బ్రహ్మంసాగర్ 17 టీఎంసీల పైమాట. సీబీఆర్ పది. దాదాపు అంతే మైలవరం. పైడిపాలెం ఆరు. పెన్నలో ఇసుక తప్ప నీళ్లు చూడని తరం కళ్ల ముందే కడప జలాశయాల జిల్లా అయిపోయింది. నీళ్లొచ్చిన వెనకే చేపల వలలు వచ్చాయి, పుట్టీలు, థర్మాకోల్ తెప్పలు వచ్చాయి, వాటి వెనక టికెట్ కౌంటర్లు వచ్చాయి. గండికోట పర్యాటకానికి కేంద్రం 2024లో రూ.77.91 కోట్లు మంజూరు చేసింది. రేపు నీళ్ల మీదికి వచ్చే జనం ఇవాళ్టికంటే ఎక్కువే. నీళ్లకు తూము లెక్క, గేటు లెక్క, టీఎంసీ లెక్క ఉన్నాయి. గాలికే ఏ లెక్కా లేదు.

సముద్రానికి ఉన్నది, చెరువుకు లేనిది

సముద్రం మీద పరిస్థితి ఇలా ఉండదు. బంగాళాఖాతంలో వాయుగుండం కదిలితే విశాఖ, కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం, కృష్ణపట్నం రేవుల్లో ప్రమాద హెచ్చరిక ఎగురుతుంది. ఒకటో నంబరు అంటే దూరంగా ఎక్కడో పుట్టిందని, మూడో నంబరు అంటే రేవుకే ఈదురుగాలుల బెడద ఉందని, పదో నంబరు అంటే మహా ప్రమాదమని పల్లెకారులకు చిన్నప్పటి నుంచి తెలుసు. పదకొండోది వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని చెప్పే సంకేతం. ఈ పద్ధతికి నూట యాభై ఏళ్ల పైబడ్డ చరిత్ర ఉంది.

దాని మీద కొత్త పొర హైదరాబాద్‌ది. సముద్రానికి అంత దూరాన, ప్రగతినగర్‌లో, 1999 నుంచి ఇన్‌కాయిస్ అనే కేంద్ర సంస్థ పనిచేస్తోంది. చేపలెక్కడ దొరుకుతాయో, అల ఎంతెత్తు లేస్తుందో, సునామీ వస్తుందో రాదో చెప్పేది అదే. 2020లో అది చిన్న పడవల కోసమే ఒక హెచ్చరిక సేవ మొదలుపెట్టింది. ఏడు మీటర్ల వెడల్పు లోపు పడవలకు ఎక్కడ తిరగబడే ప్రమాదముందో పది రోజుల ముందు నుంచే చెబుతుంది. అందులో చూసేది అల ఎత్తు ఒక్కటే కాదు. అల ఎంత నిటారుగా ఉంది, ఎన్ని దిక్కుల నుంచి వస్తోంది, గాలి ఎంత తొందరగా ముదురుతోంది అన్నవీ లెక్కలోకి వస్తాయి. ఎత్తు కంటే నిటారుతనం చిన్న పడవకు పెద్ద శత్రువని ఆ లెక్క కట్టినవాళ్లకు తెలుసు.

ఆ నిటారు అలే మన జలాశయంలో పుట్టేది. ఇక్కడ కాస్త లెక్కలోకి దిగాలి.

ఐదు కిలోమీటర్ల పొడవున అడ్డం లేని నీళ్లున్నాయి. వాటి మీద గంటకు నలభై కిలోమీటర్ల గాలి అదే పనిగా వీచింది. అవతలి ఒడ్డు చేరేసరికి లేచే అల సుమారు అర మీటరు. వినడానికి మోకాలెత్తే. కానీ ఆ అలలు రెండు, రెండున్నర సెకన్లకొకటి వస్తాయి. ఒక అల శిఖరానికీ తర్వాతి దానికీ మధ్య ఎనిమిది తొమ్మిది మీటర్లే ఎడం. సముద్రంలో దూరం నుంచి వచ్చే పెద్ద అలకైతే పది సెకన్ల వ్యవధి, నూట యాభై మీటర్ల పొడవు ఉంటాయి. పడవ దాని మీద నెమ్మదిగా ఎక్కి నెమ్మదిగా దిగుతుంది. జలాశయంలో ఎనిమిది మీటర్ల పడవకు ఆ వెసులుబాటు లేదు. ముక్కు ఒక అల మీద ఉండగానే తోక ఇంకో అల మీద ఉంటుంది. అడ్డం తిరిగిందా, తేరుకునేలోపే రెండో దెబ్బ, మూడో దెబ్బ. గుండ్రటి పుట్టికైతే ముక్కూ లేదు, తోకా లేదు. గాలి ఎటు తిప్పితే అటే.

ఇంకొక మోసం ఉంది. పడమటి గాలి వీచేటప్పుడు పడమటి ఒడ్డున నిలబడి చూస్తే నీళ్లు అద్దంలా కనబడతాయి. గాలి అప్పుడే నీళ్ల మీదికి అడుగుపెడుతోంది, అల లేవడానికి దానికి దూరం చాలలేదు. అదే గాలి మూడు కిలోమీటర్లు పోయాక తెల్లటి నురగ కక్కిస్తుంది. ఒడ్డున టికెట్ కోసే మనిషికి ఆ నురగ కనబడదు. పైగా తెడ్డు పడవలను ఈ గాలే లోపలికి తోస్తుంది. పోవడం తేలిక, రావడమే కష్టం.

సూర్యాస్తమయం టికెట్

వలవేసేవాళ్లను గమనించండి. సాయంత్రం వల వేస్తారు, తెల్లారుజామున తీస్తారు. పగటిపూట నేల కాగి, పైగాలీ కిందిగాలీ కలబోసుకునేసరికి మధ్యాహ్నం రెండు నుంచి ఐదు గంటల నడుమ గాలి జోరు పెరుగుతుంది. తెల్లవారుజామున అన్నిటికంటే తక్కువ. ఈ సంగతి చేపలు పట్టేవాళ్లకు ఎవరూ పాఠం చెప్పలేదు.

పర్యాటకులు మాత్రం సరిగ్గా దీనికి ఎదురు వేళలో వస్తారు. గండికోటకు వచ్చేవాళ్లు పొద్దుగూకేది చూడాలనే వస్తారు. ఎర్రమల కొండలను పెన్న చీల్చుకున్న ఆ లోయ పొద్దువాలే వేళకు ఎంత బాగుంటుందో చెప్పనక్కర్లేదు. కానీ లోయ దాదాపు పడమర నుంచి తూర్పుకు సాగుతుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా రాయలసీమ మీద వీచే గాలిదీ అదే దారి. మైదానంలో ఒళ్లు విరుచుకుని వచ్చే గాలి రెండు రాతి గోడల సందులోకి దూరితే జోరెక్కక తప్పదు. వంపు తిరిగిన చోట సుళ్లూ తప్పవు. ఇరుకు సందులో పైటచెంగు ఎగిరినట్టు, ఒక మలుపు దాకా ఊపిరాడని ఉక్క, మలుపు తిరగగానే చెంపదెబ్బ.

జమ్మలమడుగు వాతావరణం అని ఫోనులో చూపే గాలి వేగం ఈ లోయది కాదు. అది పది మీటర్ల ఎత్తున, కొన్ని కిలోమీటర్ల ప్రాంతానికి కట్టిన సగటు. మధ్యలో విసిరి కొట్టే గాలి ఆ సగటు కంటే సగం ఎక్కువ ఉండటం మామూలే. వేగం రెట్టింపైతే పడవను తోసే బలం రెండింతలు కాదు, నాలుగింతలు.

మంటూరు దగ్గర ఏం జరిగింది

రాష్ట్రంలో పడవ ప్రమాదం అనగానే అందరికీ కచ్చులూరు గుర్తొస్తుంది. 2019 సెప్టెంబరు 15న వరద గోదావరిలో 77 మందితో వెళ్లిన రాయల్ వశిష్ఠ మునిగితే 26 మందే బయటపడ్డారు. అది ప్రవాహం తీసిన ప్రాణాల కథ. గాలి కథ అంతకు పదహారు నెలల ముందే, అదే నదిలో, దేవీపట్నం మండలం మంటూరు దగ్గర జరిగింది.

2018 మే 15. కొండమొదలు నుంచి రాజమహేంద్రవరం వైపు వెళ్తున్న లాంచీలో కొండ గ్రామాల జనం ఉన్నారు. సాయంత్రం ఉన్నట్టుండి పెనుగాలి, వాన. జల్లు లోపలికి కొడుతోందని తలుపులు, కిటికీలు మూశారు. ఎవరైనా చేసే పనే అది. కానీ మూసిన లాంచీ గాలికి అడ్డుగోడ. తోయడానికి గాలికి మరింత చోటు దొరికింది. ఒరిగాక బయటికి దారి లేదు. లోపలున్నవాళ్లలో చాలామంది ఆ తలుపుల వెనకే ఉండిపోయారు. మూసిన గదిలోకి నీరు వస్తే లైఫ్ జాకెట్ కూడా మనిషిని పైకప్పుకు అదిమిపెడుతుంది తప్ప తలుపు దగ్గరికి చేర్చదు. వానకు టార్పాలిన్ పరదాలు దించే ప్రతి పర్యాటక బోటూ తెలుసుకోవలసిన పాఠం ఇది.

కచ్చులూరు తర్వాత 2020 జూన్‌లో ప్రభుత్వం తొమ్మిది చోట్ల బోటింగ్ కంట్రోల్ రూములు తెరిచింది. గోదావరి మీద ఐదు, మిగతావి రుషికొండ, నాగార్జునసాగర్, శ్రీశైలం, విజయవాడ. మంచి పనే. ఆ తొమ్మిదిలో కడప జలాశయం ఒక్కటీ లేదు. పక్కనే ఉన్న అవుకు కూడా లేదు. ఆ అవుకు జలాశయంలోనే 2023 మేలో పర్యాటక పడవ మునిగి ప్రాణాలు పోయాయి.

మే నెల, సాయంత్రం. మంటూరులో వీచిందీ, లింగాలలో అరటిని విరిచేదీ ఒకే జాతి గాలి. ఎండకు కాగిన నేల మీద క్యుములోనింబస్ మేఘం నిలువునా పెరుగుతుంది. అందులో వాన మొదలయ్యాక చల్లబడి బరువెక్కిన గాలి దబ్బున కిందికి దిగి, నేల తాకి నలుదిక్కులా పరుచుకుంటుంది. అందుకే వాన కంటే ముందు గాలి వస్తుంది. గాలి వేగం దాని కొలమానంలో కనీసం మూడు అంచెలు ఒక్కసారిగా పెరిగి, గంటకు నలభై కిలోమీటర్ల స్థాయికి చేరి, నిమిషమైనా నిలిస్తే వాతావరణ శాఖ దాన్ని స్క్వాల్ అంటుంది. నిమిషం! పడవకు అది చాలు.

దీన్ని పది రోజుల ముందు ఎవరూ చెప్పలేరు. మూడు గంటల ముందు చెప్పగలరు. వాతావరణ శాఖ జిల్లాలవారీగా రంగులు వేసి ఇచ్చే నౌకాస్ట్ ఇందుకే ఉంది. అదీ అందకపోతే కళ్లున్నాయి. అడుగు నల్లబడిన మబ్బు, దూరాన లేచిన దుమ్ముగోడ, ఉక్కలో అకస్మాత్తుగా తగిలిన చల్లగాలి, నీళ్ల మీద మనవైపు పరిగెత్తుకొచ్చే నల్లటి చార. చార కనబడ్డాక మిగిలేవి నిమిషాలే. అప్పుడు జెట్టీ వైపు కాదు, దగ్గరున్న ఏ ఒడ్డుకైనా పోవాలి.

ఇరకం వాళ్ల తెలివి

తీరం అంచున ఉండే లోపలి నీళ్లలో మనకు పెద్దది పులికాట్. సగటు లోతు నిలబడితే నడుము దాటదు. తడ దగ్గర భీములవారిపాళెం నుంచి ఇరకం దీవికి పడవే దారి. అంత తక్కువ లోతులో గాలి ఇంకో పని కూడా చేస్తుంది. నీటినే ఒక పక్కకు తోసేస్తుంది. ఒక గట్టున నీళ్లు పెరిగి, రెండో గట్టున పడవ బురదలో కూర్చుంటుంది. లోతు లేదు కదా అని ధైర్యపడటం తప్పు. ఆ సరస్సులోనే తమిళనాడు వైపు 2011 క్రిస్మస్ రోజున విహారానికి వెళ్లిన పడవ తిరగబడి 22 మంది చనిపోయారు. దీవి జనానికి పడవ విహారం కాదు, బస్సు. గాలి చూసి ప్రయాణం వాయిదా వేసుకోవడం వాళ్లకు నామోషీ కాదు. మనకు ఆదివారం టికెట్ కొన్నాక పడవ కదలకపోతే కోపం.

ఇక మళ్లీ కడప జిల్లాకు, పెద్దముడియానికి వద్దాం. ఏ దిక్కున చూసినా సముద్రం నూట యాభై కిలోమీటర్ల పైనే. అయినా హింగారులో బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిందంటే ఇక్కడి శనగ రైతు అందరికంటే ముందు తెలుసుకుంటాడు. నల్లరేగడి పదునెక్కితే విత్తాలి, ఎక్కువైతే విత్తనం కుళ్లుతుంది. ఎగువన నంద్యాల వైపు కురిస్తే కుందూ పొంగి నెమళ్లదిన్నె దగ్గర దారి తెగుతుంది. ఈ కుందూతోనే 1860లలో ఒక ఇంగ్లిషు కంపెనీ కేసీ కాలువను ముడిపెట్టింది. సాగుకే కాదు, పడవలు నడవడానికీ లాకులు కట్టింది. ఆ పడవల వ్యాపారం సాగలేదు, కాలువ మిగిలింది.

అదే కుందూ మీద రాజోలి దగ్గర 2.95 టీఎంసీల జలాశయానికి 2019 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది. ఇంకా పూర్తికాలేదు. అయ్యాక ఇక్కడా వలలొస్తాయి, తెప్పలొస్తాయి, ఏదో ఒకనాడు జెట్టీ కూడా వస్తుంది. ఆ జెట్టీ ఏ గట్టున ఉండాలో జలాశయం నిండకముందే గాలి దిక్కు చూసి తేల్చుకోవచ్చు. గాలి కొలిచే చిన్న యంత్రాన్ని ఒడ్డునే కాదు, నీళ్ల నడుమ బోయా మీదా పెట్టవచ్చు. ఎన్ని కిలోమీటర్లు దాటితే పుట్టి ఆపాలి, ఎంత దాటితే మరబోటు ఆపాలి అన్నది బోర్డు మీద రాయించవచ్చు. మే సాయంత్రాల్లో చివరి ట్రిప్పును మూడింటికే ముగించవచ్చు. గాలి వల్ల ఆపితే టికెట్ డబ్బు అక్కడికక్కడే వాపసు అని టికెట్ వెనకే అచ్చువేస్తే, పడవ దించనన్న సరంగుతో కౌంటర్ దగ్గర ఎవరూ గొడవపడరు. సీబీఆర్‌లో, గండికోటలో ఈ పనులకు రాజోలి నిండేదాకా ఆగక్కర్లేదు.