గుడ్డ రెక్కలతో కూటమికి

మన సంఘాలలో కన్వెన్షన్ కూటములు వచ్చాయంటే చుట్టుపక్కల గ్రామాలనుండి కొందరు ట్రాక్టర్ల మీద, కొందరు బస్సుల మీద, చాపలు దుప్పట్లు సర్దుకొని బయలుదేరుతారు. ఇంచుమించు అదే విధంగా చిన్న గుడారమూ ఒక దుప్పటీ కట్టుకొని, తమ సొంత విమానాలలో కూటమికి వెళ్ళేవారు ఇంగ్లండు దేశంలో ఉన్నారు. సొంత విమానం అనగానే వారంతా కోటీశ్వరులనుకోనక్కరలేదు. మెకానిక్కులు, బడిపంతుళ్ళు, రైతులు కూడా వారిలో ఉంటారు. వారు నడిపేది మైక్రోలైట్ అనే అతి తేలికైన విమానం. వాడిన మైక్రోలైట్‌ను ఒక పాత కారు ధరకే కొనుక్కోవచ్చు.

ఎంత తేలిక అంటే, రెండు సీట్ల మైక్రోలైట్ బరువు మనుషులతోను పెట్రోలుతోను కలిపి 450 కిలోలకు మించరాదనే నియమం బ్రిటనులో చాలాకాలం ఉండేది. 2021లో దానిని 600 కిలోలకు పెంచారు. మనకు తెలిసిన మారుతి 800 కారు ఖాళీగానే సుమారు 650 కిలోలు తూగుతుంది! మైక్రోలైట్‌లలో ఒక రకానికి పైన అల్యూమినియం గొట్టాలమీద బిగించిన గుడ్డ రెక్క, కింద మూడు చక్రాల బండి, వెనుక ఇంజను, పంకా, అంతే. తలుపులు లేవు. పాత స్కూటర్లకు పోసినట్టే చాలా ఇంజనులకు పెట్రోలులో ఆయిలు కలిపి పోయాలి. నడిపేవాని చేతిలో ఒక అడ్డకర్ర ఉంటుంది. దానిని ఎడమకు నెడితే విమానం కుడికి తిరుగుతుంది, ముందుకు నెడితే ముక్కు పైకెత్తి వేగం తగ్గుతుంది.

ఈ గుడ్డ రెక్క పుట్టింది ఒక కుటుంబంలో. అమెరికాలో ఫ్రాన్సిస్ రొగాలో అనే ఇంజనీరు, ఆయన భార్య గెర్ట్రూడ్ 1948లో ఇంట్లోనే ప్రయోగాలు చేశారు. గాలికోసం ఒక పంకా పెట్టుకొన్నారు. రెక్కకోసం ఆమె వంటింటి కిటికీ తెర గుడ్డను కుట్టింది. తరువాత ఆ రెక్కమీద తమకున్న హక్కును ప్రభుత్వానికి ఉచితంగా వదులుకొన్నారు. ఆ రెక్కనుండే కొండమీదనుండి దూకి ఎగిరే గ్లైడర్లు వచ్చాయి. 1976లో అమెరికాలోని ఓష్కోష్ పట్టణంలో విమాన ప్రియుల మహాసభ జరుగుతుండగా, జాన్ మూడీ అనే ఆయన రెండంతస్తుల రెక్కలున్న అటువంటి గ్లైడరుకు ఒక చిన్న ఇంజను బిగించి, తన కాళ్ళతోనే పరుగెత్తి, వేలాదిమంది చూస్తుండగా గాలిలోకి లేచాడు. ఈ తేలిక విమానాల ఉద్యమం ఊపందుకొన్నది అక్కడినుండే. కనుక వీరికి కూటములంటే అంత మక్కువ ఉండటంలో ఆశ్చర్యం లేదు.

ఇంగ్లండు దక్షిణాన హాంప్‌షైర్ జిల్లాలో పోఫామ్ అనే పచ్చిక మైదానం ఉంది. అనేక సంవత్సరాలపాటు మే నెల ఆరంభంలో శని ఆదివారాలలో అక్కడ మైక్రోలైట్ల సంత జరిగేది. చలికాలమంతా షెడ్డులో ఉన్న విమానాలను బయటకు తీసి, దూరప్రాంతాలనుండి ఎగురుకుంటూ వచ్చేవారు.

బయలుదేరేముందు చేసే పని చూస్తే మనకు విసుగు పుట్టవచ్చు. ప్రతి బోల్టును, ప్రతి తీగను, ప్రతి పిన్నును చేతితో తాకి చూస్తారు. పెట్రోలులో నీరు చేరిందేమో చూస్తారు. సామాను తూకం వేస్తారు. భార్య వెనుక సీటులో కూర్చుంటే గుడారము ఇంట్లో ఉండిపోవలసి రావచ్చు. చేరవలసిన మైదానానికి ముందుగా ఫోను చేసి అనుమతి తీసుకొంటారు. ఆ తరువాత గాలి లెక్క వేస్తారు. ఈ లెక్క మన సండే స్కూలు పిల్లలు కూడా వేయగలరు.

విమానం వేగం గంటకు 90 కిలోమీటర్లు, వెళ్ళవలసిన దూరం 180 కిలోమీటర్లు అనుకొందాం. గాలి లేకపోతే రెండు గంటల ప్రయాణం. ఎదురుగాలి గంటకు 30 కిలోమీటర్లు వీస్తే నేలమీద సాగేది గంటకు 60 మాత్రమే. మూడు గంటలు పడుతుంది. కింద రోడ్డుమీద లారీలు మనలను దాటిపోతుంటాయి. ట్యాంకులో 45 లీటర్లు ఉండి, గంటకు 12 లీటర్లు ఖర్చయితే, ఆ పెట్రోలు మూడు గంటల నలభైఅయిదు నిమిషాలకు వస్తుంది. పరవాలేదు. కాని దారిలో ఎదురుగాలి 30 నుండి 40కి పెరిగిందా, ప్రయాణం మూడు గంటల ముప్పైఆరు నిమిషాలవుతుంది. మిగిలేది తొమ్మిది నిమిషాల పెట్రోలు. గాలి పెరిగింది పది కిలోమీటర్లే. మనము సైకిలు మీద వెళ్తూ ఆ తేడాను తిట్టుకొని ఊరుకొంటాము. పైనున్నవాడు ఊరుకోవడానికి వీలులేదు.

అందుచేత మంచి పైలట్ దారిలో దిగగల మైదానాలన్నిటిని పటం మీద ముందే గుర్తు పెట్టుకొంటాడు. ఎక్కడ నిర్ణయం తీసుకోవాలో కూడా ఇంటివద్దనే వ్రాసుకొంటాడు: ఫలానా నది దాటేసరికి ఇన్ని నిమిషాలు మించితే పక్క మైదానంలో దిగాలి, ఫలానా కొండ కనబడకపోతే వెనుకకు తిరగాలి. గాలిలో ఉన్నప్పుడు మనస్సు కూటమి వైపే లాగుతుంది, స్నేహితులు ఎదురుచూస్తుంటారు, సగం దూరం వచ్చేశాము కదా అనిపిస్తుంది. అటువంటి సమయంలో కొత్తగా ఆలోచించడం కష్టం. నేలమీద చల్లని మనస్సుతో వ్రాసుకొన్నదే అక్కరకు వస్తుంది. మన కూటముల కరపత్రాలలో “ప్రభువు చిత్తమైతే” అని అచ్చువేస్తాము. చాలాసార్లు అది అలవాటు మాటే. వర్షం వచ్చినా, జనరేటరు పాడైనా, ఏదో ఒకటి చేసి జరిపించేస్తాము. పైలట్ పటం మీద పెన్సిలుతో గీసే ఆ గీతలో మాత్రం ఆ మాటకు నిజంగా చోటు ఉంటుంది.

గాలికంటె భయంకరమైనది మబ్బు. మైక్రోలైట్ పైలట్ నేలను, దిక్చక్రాన్ని కంటితో చూస్తూ నడపాలి. మబ్బులోకి పోయినవానికి ఏది పైనో ఏది కిందో తెలియదు. చెవిలోపలి నరాలు నిబ్బరంగా అబద్ధం చెబుతాయి. విమానం పక్కకు వాలి తిరుగుతున్నా తిన్నగా పోతున్నట్టే ఉంటుంది. 1954లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో, పరికరాలు చూచి నడపడంలో శిక్షణ లేని 20 మందిని బయట కనబడని పరిస్థితిలో పెట్టి పరీక్షించారు. ఇరవైమందీ అదుపు తప్పారు. సగటున పట్టిన సమయం 178 సెకండ్లు. మూడు నిమిషాలు కూడా కాదు. మబ్బు కిందికి దిగుతూ ఉంటే “ఇంకొంచెము ముందుకు పోతే తెరిపి ఇస్తుందేమో” అనుకొన్నవారిలో ఎందరో ఇంటికి తిరిగి రాలేదు. అదే స్థలంలో వెనుకకు తిరిగినవారి సంగతి పత్రికలలో రాదు, రావడానికి ఏమీ జరుగలేదు కనుక.

ఇంట్లో ఉన్నవారి పాత్ర కూడా చెప్పాలి. చిన్న మైదానాలలో విమానాల రాకను గమనించే అధికారులు ఉండరు. కనుక పైలట్ తన రాకను ఎదురుచూడటానికి ఒక మనిషిని ఏర్పాటు చేసుకోవచ్చు. భార్య కావచ్చు, స్నేహితుడు కావచ్చు. వేళ దాటినా కబురు లేకపోతే అధికారులకు తెలియజేయవలసిన బాధ్యత ఆ మనిషిది. ఇక దారిలో వేరేచోట దిగినవాడు ఇంజను ఆపిన వెంటనే ఫోను చేయాలి. పట్నానికి పోయిన కొడుకు చేరానని చెప్పేవరకు నిద్రపోని తల్లులకు ఈ ఏర్పాటు విలువ వేరుగా వివరించనక్కరలేదు.

పోఫామ్ చేరిన తరువాత ఇంకొక పరీక్ష. అక్కడ ఒక రన్‌వే చివర పెట్రోలు బంకు ఉంది. దానిమీదుగా ఎగరకూడదు కనుక ఏటవాలుగా వచ్చి చివరలో తిన్నగా తిరగాలి. ముందు ఒకరు, వెనుక ఒకరు దిగుతుంటారు. పచ్చిక అంచున కుర్చీలు వేసుకొని అనుభవజ్ఞులంతా చూస్తుంటారు! ఎవరి చక్రాలు ఎన్నిసార్లు ఎగిరిపడ్డాయో లెక్క పెడతారు. ఎత్తుగా వచ్చినా, వేగం సరిపోకపోయినా మళ్ళీ పైకి లేచి ఒక చుట్టు తిరిగి రావాలి. పదిమంది నవ్వుతారని బలవంతంగా దింపేవాడే చక్రాలు విరగగొట్టుకొంటాడు. నిజానికి కుర్చీలలో ఉన్న పాతవారు రెండో చుట్టు తిరిగినవానినే మెచ్చుకొంటారు.

దిగిన తరువాత అంతా పండుగే. రెక్కలను తాళ్ళతో నేలకు కట్టి, పక్కనే గుడారం వేసుకొని, టీ కాచుకొని ఇంజనుల ముచ్చట్లు చెప్పుకొంటారు. ఆ దేశంలో ఎగిరే మైక్రోలైట్‌లలో మన బెంగుళూరులోని రాజహంస కంపెనీ తయారు చేసిన ఎక్స్-ఎయిర్ విమానాలు కూడా ఉన్నాయి. మన దేశంవారు ఈ విద్యలో వెనుకబడినవారు కారు. 1988లో విజయ్‌పత్ సింఘానియా గారు ఒంటరిగా ఇంగ్లండునుండి ఇండియాకు మైక్రోలైట్‌లో 23 రోజులలో వచ్చారు. 2007లో మన వాయుసేనకు చెందిన రాహుల్ మోంగా, అనిల్ కుమార్ గార్లు 80 రోజుల లోపల భూమిని చుట్టివచ్చారు.

ఆదివారం ఆరాధన మాటేమిటని మన పాఠకులు అడుగుతారు. అడగవలసినదే. అమెరికాలోని ఓష్కోష్‌లో ఫెర్గస్ చాపెల్ అనే చిన్న మందిరం ఉంది. ఇంగ్లండులోని చిన్న మైదానాలలో అటువంటివి చూడము. ఇష్టమున్నవారు దగ్గర గ్రామంలోని గుడికి నడిచి వెళ్తారు, లేనివారు ఇంజను తుడుచుకొంటారు. ఈ విషయంలో అందరినీ మెచ్చుకోలేము. అయితే చిన్న విమానాలు సువార్త సేవకు చేసిన మేలు కొద్దిది కాదు. 1945లో అమెరికాలో క్రైస్తవ పైలట్లు ప్రారంభించిన సహవాసమే మిషన్ ఏవియేషన్ ఫెలోషిప్ అయింది. 1946లో బెట్టీ గ్రీన్ అనే సోదరి దాని మొదటి ప్రయాణం చేసింది. 1948లో ఇంగ్లండునుండి జాక్ హెమింగ్స్, స్టువర్ట్ కింగ్ చిన్న విమానంలో ఆఫ్రికాకు వెళ్ళి, రోడ్లులేని చోట్ల మిషనరీల అవసరాలు చూచివచ్చే పనిలో ఉండగా బురుండి కొండలలో కూలిపోయారు. ఇద్దరూ ప్రాణాలతో బయటపడ్డారు. సేవ ఆగలేదు. ఆ హెమింగ్స్ గారే 2024లో, 102 ఏండ్ల వయస్సులో, ఆ సంస్థకు విరాళాలు సేకరించడానికి మళ్ళీ విమానం ఎక్కి నడిపారు.

పోఫామ్ వంటి కూటములలో అన్నిటికంటె కష్టమైన గడియ ఆదివారం సాయంకాలం. సోమవారం ఉదయం పనికి వెళ్ళాలి, పిల్లలను బడికి పంపాలి. పడమట మబ్బు దిగుతుంటుంది. వచ్చేటప్పుడు ఎంతో జాగ్రత్తగా వచ్చినవాడు కూడా ఇంటిమీద బెంగతో “త్వరగా వెళ్ళిపోతే చాలు” అని బయలుదేరుతాడు. తెలిసినవారు మాత్రం తాళ్ళు ఇంకొకసారి బిగించి, రెక్క మీద గుడ్డ కప్పి, మైదానం యజమానికి రెండు మాటలు చెప్పి, సంచి భుజాన వేసుకొని రైల్వే స్టేషనుకు పోతారు. విమానం అక్కడే వర్షంలో తడుస్తుంది. మరుసటి శనివారం తెరిపి ఇస్తే వచ్చి తీసుకువెళ్తారు. ఇవ్వకపోతే ఆ తరువాతి శనివారం.