ఒళ్ళు పట్టే చేతికీ రిజిస్ట్రేషన్!

మెడనొప్పికి మసాజ్ చేయించుకుంటున్నానని మా చెల్లెలు ఫోన్లో చెబితే నాకు కంగారేసింది. అది ఉండేది కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో. ‘ఎవరో ఏమిటో తెలియని మనిషికి ఒళ్ళప్పగించడమేమిటే?’ అన్నాను. ‘తెలియకపోవడమేంటక్కా, రిజిస్టర్‌లో పేరు చూసుకునే వెళ్ళా’ అంది.

అక్కడ నర్సులకీ, దంతవైద్యులకీ ఉన్నట్టే మసాజ్ థెరపిస్టులకీ 1991లో చట్టం చేశారు. 1993 డిసెంబరు 31 నుంచి అమలవుతోంది. వాళ్ళ నియంత్రణ మండలిని ‘కాలేజ్’ అంటారు (పాఠాలేం చెప్పరు లెండి!). కోర్సు చదివి, పరీక్ష పాసై, అక్కడ పేరు నమోదైతేనే ‘మసాజ్ థెరపిస్ట్’ అని చెప్పుకోవచ్చు. తేడా వస్తే ఫిర్యాదు కూడా ఆ మండలికే.

ఆడవాళ్ళుగా మనకి ముఖ్యమైంది ఇంకోటుంది. ఎక్కడ, ఎందుకు, ఎలా నొక్కుతారో ముందే చెప్పి మన అనుమతి తీసుకోవాలి. ఛాతీ, తొడల లోపలివైపు లాంటి చోట్లయితే రాతపూర్వకంగానే! చికిత్స చేసే భాగం తప్ప మిగతా ఒళ్ళంతా దుప్పటి కప్పి ఉంచాలి. మధ్యలో వద్దంటే ఆపెయ్యాల్సిందే. పేషెంటుతో లైంగిక సంబంధం పెట్టుకుంటే ‘ఆమె ఒప్పుకుంది’ అన్న మాట చెల్లదు. రిజిస్ట్రేషన్ పోతుంది. మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవాలన్నా కనీసం 5 ఏళ్ళు ఆగాలి.

అయితే ఓ మెలిక. చట్టం కట్టడి చేసింది ఆ పేరు వాడుకోవడాన్నే గానీ, మసాజ్ చెయ్యడాన్ని కాదు. రిజిస్టర్‌లో లేనివాళ్ళు స్పాల్లో చేస్తూనే ఉంటారు. వాళ్ళ చేతిలో ఇబ్బంది పడితే మాత్రం పోలీసులో, కోర్టులో దిక్కు. ఈ మండలి వాళ్ళ రిజిస్ట్రేషన్ రద్దు చెయ్యడానికి అసలు రిజిస్ట్రేషనంటూ ఉంటేగా!