గాలమునకు చిక్కు సముద్రపక్షులు

చెన్నూరు పట్టణము గోదావరీ తీరమున నున్నది. తూర్పుదిక్కునకు సాగు ఈ నది అచ్చట కొంతదూరము ఉత్తరముగా ప్రవహించుటచే, ఆ చోటిని ఉత్తరవాహిని యని జనులు పుణ్యస్థలముగా నెంతురు. నదిని నమ్ముకొని బ్రతుకువారిలో బెస్తలు ఒకరు. నదినే నమ్ముకొని బ్రతుకు పక్షులలో నీటికాకి యొకటి. ఇరువురికిని జీవనాధారము చేపయే. చేపకై నీట మునిగిన నీటికాకి, అదే చేపకై పన్నిన వలలో చిక్కెనేని పైకి రాలేక ఊపిరాడక చచ్చును. దానిని పట్టవలెనని బెస్త తలంపలేదు; దానివలన అతనికి లాభమును లేదు. పైగా చిక్కుపడిన వలను విప్పుకొనుట అతనికొక శ్రమ. కోరకయే కలుగు ఇట్టి ప్రాణహాని నదులయందు కొలదిగా నుండగా, మహాసముద్రములందు గొప్ప సమస్యగా పరిణమించినది.

సముద్రమున చేపలు పట్టు విధానములలో గాలపుతాడు వేయుట యొకటి. పొడవైన తల్లితాటికి కొంత కొంత దూరమున పిల్లతాళ్లు కట్టి, ప్రతి పిల్లతాటికొనను ఒక గాలమును, గాలమునకు ఎరను కూర్చి నీట విడుతురు. పెద్ద ఓడలు పదుల కిలోమీటర్ల తాటికి వేలకొలది గాలములు కట్టును. తీరమున నుండు చిన్న పడవలవారు వందల గాలములతో తృప్తిపడుదురు. విశాఖపట్టణపు మత్స్యకారులు సూరచేపలను గాలములతోనే పట్టుచున్నారు.

పడవ వెనుక విడిచిన ఎర వెంటనే మునిగిపోదు. కొన్ని క్షణములు నీటిపైననే తేలియాడును. ఆ కొన్ని క్షణములే పక్షికి మృత్యువగుచున్నవి. పడవను వెంబడించు పక్షి ఎరను చూచి వ్రాలి మ్రింగును. గాలము గొంతున గ్రుచ్చుకొనును. బరువైన తాడు మునుగుచు పక్షిని తనతో క్రిందికి లాగికొనిపోవును.

ఇట్లు బలియగు పక్షులలో ముఖ్యమైనది ఆల్బట్రాస్. దక్షిణ సముద్రముల శీతలవాయువులలో తిరుగు ఈ జాతిలో పెద్దదాని రెక్కలు చాపిన వెడల్పు మూడున్నర మీటర్ల వరకు నుండును. అది రెక్క లాడింపకయే గాలివాలున బహుదూరము పోగలదు. కాని రెండేండ్ల కొకసారి ఒక్క గ్రుడ్డే పెట్టును. పిల్లను తల్లిదండ్రు లిరువురును పోషింపవలయును. ఒకటి గాలమునకు చిక్కినచో గూటనున్న పిల్లకును ఆకలిచావు తప్పదు. కావున కోడి, పిచ్చుక మొదలగు వానివలె ఈ జాతి పోయిన సంఖ్యను త్వరలో పూడ్చుకొనజాలదు. జపానుదేశపు ఓడల గాలములకు దక్షిణ సముద్రమున ఏటా 44,000 ఆల్బట్రాస్‌లు చచ్చుచున్నవని 1991లో నైజెల్ బ్రదర్స్ అను శాస్త్రజ్ఞుడు అంచనా వేసెను. ప్రపంచమందలి గాలపుతాళ్లకు ఏటా కనీసము 1,60,000 సముద్రపక్షులు బలియగుచున్నవని 2011లో వెలువడిన మరియొక అధ్యయనము తెలిపినది.

దీనికి ఉపాయము లేకపోలేదు. జొన్నచేను పాలకంకి దశలో నున్నపుడు రైతు పిట్టలను చంపబూనడు. మంచెనెక్కి అదలించును, తాళ్లకు రంగుగుడ్డలు కట్టి బెదరించును. సముద్రముపై చేయవలసినదియు అదియే. పడవ వెనుకభాగమున ఎత్తైన కొయ్య నిలిపి, దాని కొననుండి పొడవైన తాడు విడిచి, దానికి రంగురంగుల పట్టీలు వ్రేలాడగట్టుదురు. గాలికి ఆ పట్టీలు ఊగుచుండ పక్షులు ఎరను సమీపింపజాలవు. ఈ ఉపాయమును మొదట కనిపెట్టినవారు జపాను మత్స్యకారులే. రెండవ ఉపాయము, గాలమునకు చేరువలో బరువు కట్టి ఎరను త్వరగా ముంచుట. మూడవది, రాత్రివేళ గాలములు విడుచుట. ఏలయన ఆల్బట్రాస్‌లు అధికముగా పగలే మేతకు తిరుగును. నిండువెన్నెల రాత్రులలో మాత్రము ఈ మూడవ ఉపాయము అంతగా పనిచేయదు. అందువలన మూడింటిని కలిపి పాటించుట మేలని నిపుణులు చెప్పుదురు.

చిన్న పడవలవారికి కొన్ని చిక్కులు కలవు. ఎత్తైన కొయ్యను నిలుపుటకు చోటుండదు. పనివారు కొలదిమందియే యుందురు. రంగుపట్టీల తాడు గాలపుతాటితో పెనవేసికొన్నచో ఆనాటి వేట చెడును. కాబట్టి వారి పడవకు తగినట్లు తేలికైన, పొట్టియైన తాటిని వారితో కలిసియే రూపొందింపవలయును. ఆజ్ఞతో కాక అనుభవముతో వచ్చిన మార్పే నిలుచును. ఇందు వారికిని లాభము కలదు. పక్షి మ్రింగిన ఎరకు చేప పడదు. ఎర ఖర్చును, గాలపు శ్రమయు వృథా యగును.

ఆఫ్రికా ఖండమందలి నమీబియా దేశము ఇందుకు నిదర్శనము. 2015లో అచ్చటి ప్రభుత్వము గాలపుతాళ్లు వేయు ఓడలకు రంగుపట్టీల తాళ్లను నిర్బంధము చేసెను. వాల్విస్ బే రేవున నొక మహిళాసంఘము వానిని తయారుచేసి జీవనోపాధి పొందెను. ఆ దేశపు గాలములకు చచ్చు పక్షుల సంఖ్య నూటికి 98 వంతులు తగ్గినదని 2021లో ప్రకటింపబడిన పరిశోధన తెలిపినది. పక్షులు బ్రతికెను, చేపలవేటయు ఆగలేదు.

తెలుగుతీరమున ఇట్టి సమస్య తాబేళ్ల విషయమున కలదు. గ్రుడ్లు పెట్టుటకై ఒడ్డునకు వచ్చు ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మరపడవల వలలలో చిక్కి ఊపిరాడక చచ్చుచుండును. వలలో ఊచల చట్రము నమర్చి, దానిపై తలుపువంటి ద్వార ముంచినచో, రొయ్యలు వలలోనికి పోవును, తాబేలు బయటపడును. ఉపాయము వేరైనను తత్త్వ మొక్కటియే: వేట మానుట కాదు, వేటను సరిదిద్దుట.

గోదావరి యొడ్డున నుండువారికిని ఇందు పాఠము కలదు. చినిగిన వలపేలికలను, తెగిన నైలాను దారములను నీట విడిచినచో, అవి మనుష్యుడు మరచిన తరువాత కూడ చాలకాలము పక్షులను చేపలను చంపుచునే యుండును. వానిని ఒడ్డునకు చేర్చి ప్రోగుచేయుట బాలురకును సాధ్యమైన పనియే. చిక్కిన పక్షి ప్రాణముతో నున్నచో, దానిపై గుడ్డ కప్పి, రెక్కలు మెల్లగా అదిమి పట్టి, దారమును కోసి విడువవలయును; లాగరాదు. నది యొకటే, చేప యొకటే. ఒకరి కడుపు నిండుటకై వేరొకరి ప్రాణము వ్యర్థముగా పోకుండ చూచుకొనుట వివేకవంతుల పని.