తూటాకు తగిన గది: .315 రైఫిల్ పుట్టుక

రైఫిల్ గొట్టపు వెనుక చివర తూటా కూర్చునే ఖాళీని ఛాంబరు అంటారు. మందు కాలినప్పుడు పుట్టే వాయువుల ఒత్తిడిని తూటా ఇత్తడి గుల్ల ఒంటరిగా తట్టుకోలేదు కనుక, అది ఉబ్బి ఛాంబరు గోడలకు అతుక్కుని, ఆ ఉక్కు ఆసరాతోనే వాయువు వెనక్కి రాకుండా అడ్డుకుంటుంది. గుల్ల కొలత ఛాంబరు కొలతకు కుదరకపోతే ఆ ఆసరా తప్పిపోతుంది. భారతదేశంలో లైసెన్సుదారుల దగ్గర విరివిగా కనిపించే .315 రైఫిల్ మాత్రం సైనిక తూటా అందులో కుదరకపోవడం కోసమే పుట్టింది. ఆ తేడాను ప్రభుత్వమే కోరి తెచ్చిపెట్టింది.

1907లో బ్రిటిష్ ప్రభుత్వం భారతదేశంలో .450 బోరు ఆయుధాలను నిషేధించింది. మార్టిని-హెన్రీ సైనిక తుపాకులు ఆ బోరువే కావడంతో, వేట పేరుతో దిగుమతయ్యే సరుకు తిరుగుబాటుదారుల చేతికి చేరుతుందని పాలకులు భయపడ్డారు. .470 వంటి కొత్త వేట తూటాలు ఇంగ్లండులో పుట్టుకురావడానికి ఆ నిషేధమే కారణం. సైన్యం వాడే .303 విషయంలోనూ ఇదే జాగ్రత్త పాటించారు. జనం నోట త్రీ నాట్ త్రీగా స్థిరపడిన లీ-ఎన్‌ఫీల్డ్ యంత్రాంగాన్ని అలాగే ఉంచి, ఆస్ట్రియా-హంగరీ సైన్యపు 8 మి.మీ. మాన్‌లిషర్ తూటా ఆకృతికి ఛాంబరు తొలిచి, పౌరుల కోసం .315 రైఫిల్‌ను తయారుచేశారు. మొదట బర్మింగ్‌హామ్‌లోని బి.ఎస్.ఎ. సంస్థ చేసిన ఈ రకాన్ని, తరువాత బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ కర్మాగారం కొనసాగించింది. .303 గుల్ల పొడవు సుమారు 56 మి.మీ., .315 గుల్ల పొడవు సుమారు 50 మి.మీ.; అందువల్ల దొంగిలించిన సైనిక తూటాను .315లో పెడితే బోల్టు మూసుకోదు.

అయితే పాలనకు పనికొచ్చిన ఈ తేడా వాడేవాడికి పేర్ల చిక్కును మిగిల్చింది. .315 తూటాను 8 ఎం.ఎం. అని కూడా పిలుస్తారు. కానీ 8 ఎం.ఎం. పేరుతో ప్రపంచంలో చలామణీ అయిన తూటాలు అనేకం. జర్మన్ సైన్యం 1888 నాటి తన 8×57 తూటాలోని 8.08 మి.మీ. గుండును తీసివేసి, 20వ శతాబ్దపు తొలి ఏళ్ళలో 8.22 మి.మీ. గుండును ప్రవేశపెట్టింది. గుల్ల దాదాపు మారకపోవడంతో కొత్త తూటా పాత ఛాంబరులోకి దూరగలిగింది. లావు గుండు సన్న గొట్టంలోకి ఇరుక్కుంటూ పోయేటప్పుడు ఒత్తిడి ప్రమాదకరంగా పెరిగేది. ఛాంబరులో పట్టని తూటా కన్నా, పట్టి మోసం చేసే తూటాయే హానికరమని చెప్పక తప్పదు.

దీనికి తోడు హెడ్‌స్పేస్ అనే కొలత ఒకటి ఉంది. బోల్టు ముఖానికి, తూటాను ముందుకు జారకుండా ఆపే చోటుకు నడుమ ఉండే దూరమిది. .303, .315 తూటాలకు అడుగున అంచు ఉంటుంది కనుక ఆ అంచే వాటిని ఆపుతుంది. .303 రైఫిళ్ళలో ఈ దూరం 0.064 నుంచి 0.074 అంగుళాల మధ్య ఉండాలని సైన్యం గేజీలతో తనిఖీ చేసేది. ఎడం ఎక్కువైతే పేలినప్పుడు గుల్ల వెనక్కి సాగి, అడుగుకు కొంచెం పైన చిట్లవచ్చు. పేల్చిన గుల్ల మీద అక్కడ మెరిసే సన్నని వలయం కనిపించడం అందుకు ముందస్తు హెచ్చరిక కావచ్చు.

ఒక తూటా కోసం కట్టిన రైఫిల్‌ను మరొకదానికి మార్చడం ఎంతటి పనో 1962 చైనా యుద్ధం తరువాత ఇషాపూర్‌లోనే తేలింది. 7.62 మి.మీ. నాటో తూటాకు అంచు లేదు, అది గుల్ల భుజం మీద ఆగుతుంది. పైగా నేటి యూరపు ప్రమాణాలలో .303కు అనుమతించిన గరిష్ఠ ఒత్తిడి 365 మెగాపాస్కల్‌లు కాగా, 7.62 నాటో తూటాకు పౌర సోదరి అయిన .308కు 415. అందుకే ఆ నాటో తూటా కోసం అక్కడ రూపొందించిన 2ఎ రైఫిల్‌కు గట్టి ఉక్కును ఎంచుకుని, మ్యాగజీన్‌ను, ఖాళీ గుల్లను లాగే కొక్కేన్ని కూడా మార్చారు.

తూటాల పేర్ల చిక్కు పాత వేట సీమల్లో ఇంకా ఎదురుకావచ్చు. ఉదాహరణకు, తమిళనాడులో తెలుగు రాజుల కులంవారు స్థిరపడిన రాజపాళయం పట్టణం పేరుతో పిలిచే తెల్లని వేటకుక్క అడవి పందుల వేటకు పెంచినదే. ఆ పట్టణానికి చేరువలోని శ్రీవిల్లిపుత్తూరు కొండలు 1988లో అభయారణ్యమై, 2021లో పులుల సంరక్షణ కేంద్రంలో భాగమయ్యాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దాని సవరణలు వేటను ముగించినా, పూర్వపు వేట సీమల్లో తుపాకులతో పాటు పాత తూటాల పెట్టెలూ వారసత్వంగా మిగిలిపోవడం వింతేమీ కాదు.

అలాంటి పెట్టె దొరికినప్పుడు గొట్టం మీద చెక్కిన గుర్తును, తూటా అడుగున కొట్టిన ముద్రను, లైసెన్సులో రాసిన బోరును మూడింటినీ సరిపోల్చాలి. కె.ఎఫ్. అన్న ముద్ర ఖడ్కీ మందుగుండు కర్మాగారాన్ని మాత్రమే తెలుపుతుంది, బోరును తెలపదు. కొలత సరిపడినా తుప్పు, పగుళ్ళు, వదులైన గుండు కనిపిస్తే ఆ తూటాను పక్కన పెట్టాలి. బోల్టు మూయడానికి బలం అవసరమైతే అక్కడే ఆగి, రైఫిల్‌ను లైసెన్సు గల తుపాకి మరమ్మతుదారుకు చూపించాలి. బోరు లెక్క చట్టానికీ ముఖ్యమే: భారత ఆయుధ నియమావళి నిషిద్ధ రైఫిళ్ళను నిర్వచిస్తూ .303, 7.62 మి.మీ. బోర్లను పేర్కొని ఊరుకోకుండా, ఆ సైనిక తూటాలను ఛాంబరులో ఇముడ్చుకుని పేల్చగల మరే బోరునైనా అదే వర్గంలో చేర్చింది.