నల్ల కవర్ విప్పిన బొమ్మలు

మెడికల్ షాపుల ప్యాడ్ల ప్యాకెట్ అడిగితే ఏం చేస్తరు? ముందు పేపర్ల చుడతరు, తర్వాత నల్ల కవర్ల పెడతరు. మందు సీసాకు కూడా అంత దాపరికం ఉండదు! ఇవాళ్టి ముచ్చట ఆ కవర్ విప్పడానికి బొమ్మలు పట్టుకున్న ఆడవాళ్ల గురించి.

మన సిద్దిపేటలో ‘ఋతుప్రేమ’ అని ఒక కార్యక్రమం నడిచింది, గుర్తుందా? మెన్‌స్ట్రువల్ కప్పులు, బట్ట ప్యాడ్లు పరిచయం చేశారు. వాడి పారేసే ప్యాడ్ల చెత్త తగ్గాలన్నది అందులో ఒక ఉద్దేశం. కానీ వస్తువు చేతికివ్వడం ఒక ఎత్తు, ఎట్ల వాడాలో చెప్పడం ఇంకో ఎత్తు. నోటితో చెప్పబోతే చెప్పేవాళ్లకూ సిగ్గే, వినేవాళ్లకూ సిగ్గే. బొమ్మ ఉంటే వేలు పెట్టి చూపిస్తే చాలు.

ఈ సంగతి బాగా పట్టుకున్న మనిషి అదితి గుప్తా. ఈమెది జార్ఖండ్‌లోని గఢ్వా. 12 ఏళ్లకు నెలసరి మొదలైంది. షాపుకు పోయి ప్యాడ్ కొంటే ఇంటి పరువు పోతదని బట్టతోనే నెట్టుకొచ్చింది. మొదటిసారి ప్యాడ్ కొన్నది 15 ఏళ్లప్పుడు. తర్వాత అహ్మదాబాద్ ఎన్‌ఐడీలో చదివింది. 2012లో తుహిన్ పాల్‌తో కలిసి ‘మెన్‌స్ట్రుపీడియా’ మొదలుపెట్టి, ఆ పేరుతోనే కామిక్ పుస్తకం తెచ్చింది. అది తెలుగులోనూ వచ్చింది.

కథలో ముగ్గురు పిల్లలు. పింకీకి ఇంకా నెలసరి రాలేదు. జియాకు కథ నడుస్తుండగానే వస్తది. మీరాకు అప్పటికే అలవాటైంది. విడమరిచి చెప్పడానికి ప్రియా అక్క ఉంటది. చూడండి, ఎంత తెలివైన ఏర్పాటో! చదివే పిల్ల తన అనుమానం బయటపెట్టాల్సిన పని లేదు. ఆ ముగ్గురిలో ఒకరి దగ్గర తనను తాను చూసుకుంటది.

అందరూ ఇట్ల నెమ్మదిగా చెప్పరు. స్వీడన్‌కు చెందిన లివ్ స్ట్రోమ్‌క్విస్ట్ బొమ్మలు 2017లో స్టాక్‌హోమ్ మెట్రో స్టేషన్‌లో పెద్దగా వేలాడదీశారు. మంచు మీద స్కేటింగ్ చేసే అమ్మాయి, కాళ్ల మధ్య ఎర్రటి మరక, ముఖం మీద చిరునవ్వు. కొందరు ప్రయాణికులు మండిపడ్డారు. అక్కడ ఊరంతా చర్చ కావాలి, సరే. మన బడిలో మాత్రం నేను అదితి పుస్తకమే పెడతా. పిల్ల భయం తీరడం నాకు ముందు.

ఇంకోమాట. చేర్యాల మన జిల్లాదే. ఎర్ర నేల మీద గడులు గడులుగా గీసిన పటం విప్పుతూ కులపురాణాలు చెప్పిన సంప్రదాయం అక్కడిది. కామిక్ పుస్తకం చేసే పనీ అదే కదా! చేర్యాల నకాషీ ఇళ్లల్లో ఆడవాళ్లూ కుంచె పడతరు. వాళ్లలో ఎవరన్నా ‘ముట్టు’ కథ పటంగా గీస్తే, మొదటి గడిలో ఏముండాలి? ఇంటి బయట అరుగు మీద, విడిగా పెట్టిన కంచం ముందు కూర్చున్న పిల్ల ఉండాలని నాకనిపిస్తది. మీరేమంటరు?