మూడు స్టేషన్లు, మూడు ఉత్తరాలు

సైన్సు, గణితంలో పీహెచ్‌డీకి దరఖాస్తులు పెట్టుకునే కాలం ఇది. పరీక్ష రాయడం మన పిల్లలకు కొత్త కాదు. నిన్ను బాగా ఎరిగిన మాస్టార్లు ముగ్గురిని చూపించమంటేనే తడబాటు.

నాగోల్ వెళ్లే మెట్రోలో తార్నాక దాటితే హబ్సిగూడ, ఆ తర్వాత ఎన్‌జీఆర్‌ఐ. ఈ మూడు స్టేషన్ల చుట్టుపక్కల ఉన్నంత సైన్సు తెలుగు నేల మీద ఇంకోచోట ఒక్కదగ్గర దొరకడం కష్టం. 1918లో మొదలైన ఉస్మానియా ఇక్కడే. అదే ఏడాది కూనూరులో పుట్టి 1958లో హైదరాబాదు చేరిన జాతీయ పోషకాహార సంస్థ కూడా ఇక్కడే. ఉప్పల్ రోడ్డు మీద ఐఐసీటీ ఉంది, దాని మూలాలు 1944లో నిజాం ప్రభుత్వం పెట్టిన ప్రయోగశాలల్లో ఉన్నాయి. 1961లో ఎన్‌జీఆర్‌ఐ, 1977లో సీసీఎంబీ వచ్చి చేరాయి. రసాయనాలు, భూమి లోపలి పొరలు, జన్యువులు, అన్నంలోని పోషకాలు... ఏది కావాలన్నా షేర్ ఆటో దూరమే.

అయినా ఉస్మానియాలో ఎమ్మెస్సీ రెండేళ్లూ చదివి, ఈ ల్యాబుల్లో ఒక్కదాని గేటు కూడా దాటకుండా వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. గేటు దగ్గర సెక్యూరిటీ ఆపుతారని కాదు. లోపల మనకేం పని అన్న బెరుకు. పీహెచ్‌డీ దరఖాస్తులో మన విద్యార్థి వెనకబడేది ఈ బెరుకు దగ్గరే తప్ప తెలివి దగ్గర కాదు.

క్యాంపస్ రీడింగ్ రూముకు వెళ్లి చూడండి. బల్లకు ఇటువైపు గ్రూప్స్ పుస్తకాలు, అటువైపు నెట్ పుస్తకాలు. ఇంట్లో మర్యాద మాత్రం గ్రూప్స్ చదివేవాళ్లకే. ఆ చదువు చివర డిప్యూటీ కలెక్టరో, నాయబ్ తహసీల్దారో ఉంటారని అమ్మానాన్నలకు తెలుసు. పీహెచ్‌డీ అనగానే, 'ఎమ్మెస్సీ అయిపోయిందిగా, ఇంకా ఎన్నేళ్లు?' అంటారు. ఆడపిల్లయితే ఆ ప్రశ్నకు పెళ్లి కూడా తోడవుతుంది. పీహెచ్‌డీకి మామూలు గరిష్ఠ గడువు ఆరేళ్లయితే మహిళలకు మరో రెండేళ్ల వెసులుబాటు, 240 రోజుల దాకా ప్రసూతి సెలవు ఇస్తూ యూజీసీ 2022లో నిబంధనలు రాసింది. ఈ సంగతి పెళ్లిచూపుల దాకా చేరినట్టు లేదు.

ఇంట్లోవాళ్లు కొంచెం మెత్తబడేది జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ అంకె చెప్పినప్పుడు. నెలకు 37 వేలు, ఇంటి అద్దె భత్యం అదనం. రెండేళ్లు దాటాక 42 వేలు. చదువుకుంటూ డబ్బు తీసుకోవడమేమిటని ఆశ్చర్యపోయే తల్లిదండ్రులు ఇప్పటికీ ఉన్నారు.

ఆ జేఆర్‌ఎఫ్ కోసం రాసే సీఎస్‌ఐఆర్ నెట్ మూడు గంటలు, 200 మార్కులు. గణితం పేపరు తీరు వేరు. అందులో సి భాగంలో 60 ప్రశ్నలిచ్చి 20 రాయమంటారు. ఒక్కోదానికి 4.75 మార్కులు. తప్పు రాస్తే కోత లేదు కానీ, నాలుగు ఆప్షన్లలో సరైనవి ఎన్ని ఉంటే అన్నీ గుర్తించాలి. మూడు సరైనవాటిలో రెండే పడితే సున్నా. ఎంసెట్ కాలం నుంచి అలవాటైన ఎలిమినేషన్ చిట్కాలు ఇక్కడ పారవు. నిర్వచనం తెలియాలి, అది ఎక్కడ విరుగుతుందో కూడా తెలియాలి. గేట్, జెస్ట్, టీఐఎఫ్‌ఆర్ పరీక్ష, నేషనల్ బోర్డ్ ఫర్ హయ్యర్ మ్యాథమెటిక్స్ పరీక్ష అన్నీ ఈ కుటుంబానివే. ఉస్మానియా సొంత పీహెచ్‌డీ నోటిఫికేషన్ మీద మాత్రం ఆధారపడకండి, అది ఏటా ఒకే వేళకు రాదు. కేంద్రం పెట్టే పరీక్షలనైనా నమ్ముకోవడానికి లేదు. 2024 జూన్ 25 నుంచి జరగాల్సిన సీఎస్‌ఐఆర్ నెట్‌ను నాలుగు రోజుల ముందు వాయిదా వేసి, జులై చివర్లో పెట్టారు. తార్నాక గదుల్లో ఉన్నవాళ్లకు వాయిదా అంటే ఇంకో నెల అద్దె, ఇంకో నెల మెస్ బిల్లు.

ఇంత తిట్టుకున్నా, పరీక్ష మనకు న్యాయమైన గేటే. నల్లగొండలోనో వనపర్తిలోనో తెలుగు మీడియంలో డిగ్రీ చేసిన అమ్మాయి పేరు ఆ కంప్యూటరుకు తెలియదు, ఊరు తెలియదు. మార్కు వస్తే వచ్చింది, లేకుంటే లేదు. ఆ గేటు దాటాక మనుషులు కూర్చున్న గది వస్తుంది.

బోర్డు ముందు

గణితం ఇంటర్వ్యూలు చాలావరకు ఒకేలా మొదలవుతాయి. 'నీకు ఇష్టమైన టాపిక్ చెప్పు' అంటారు. లీనియర్ ఆల్జీబ్రా అన్నారనుకోండి. క్యారెక్టరిస్టిక్ పాలినామియల్ ఒకటే అయినా సిమిలర్ కాని రెండు మాత్రికలు రాయమంటారు. పేజీలకు పేజీలు రుజువులు అప్పజెప్పగలవాళ్లు ఇక్కడ ఆగిపోతారు. జవాబు రెండు నిమిషాల పని. ఒకటి రెండు వరుసల తత్సమ మాత్రిక. దాని కుడివైపు పైమూలలో సున్నా చెరిపి ఒకటి వేస్తే రెండోది. తత్సమ మాత్రికతో సిమిలర్ అయ్యేది అదొక్కటే, కాబట్టి ఇవి రెండూ సిమిలర్ కావు. మన సెమిస్టర్ పేపర్లు సిద్ధాంతాన్ని 'స్టేట్ అండ్ ప్రూవ్' అంటాయే గాని, ఒక షరతు తీసేస్తే ఏమవుతుందో అడగవు. రసాయన శాస్త్రంలోనూ ఇంతే. పేరున్న రియాక్షన్లు వంద చెప్పగలిగినా, ఎలక్ట్రాన్లు ఎటు నుంచి ఎటు కదిలాయో బోర్డు మీద బాణాలు గీసి చూపించమంటే చేయి ఆగుతుంది.

దీనికి కోచింగ్ సెంటర్‌ను తిట్టి లాభం లేదు. వాళ్లు అమ్మేది పరీక్ష. బోర్డు ముందు నిలబడి ఆలోచించే అలవాటు ఇంకోచోట రావాలి. గణితంలో అలాంటి చోటు ఒకటి ఉంది, ఎంటీటీఎస్. 1993లో ఎస్.కుమరేశన్ మొదలుపెట్టిన వేసవి శిబిరం అది. ఆయన తర్వాత హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనూ పాఠాలు చెప్పారు. అక్కడ నాలుగు వారాలు పాఠం వినడం తక్కువ, ప్రశ్నలకు జవాబు వెతుక్కోవడం ఎక్కువ. డిగ్రీ రెండో ఏడాదిలోనే దీని గురించి చెప్పే లెక్చరర్ దొరికితే ఆ విద్యార్థి అదృష్టవంతుడు.

'నువ్వే రాసుకురా, సంతకం పెడతాను'

ఇక అసలు విషయం. విదేశీ విశ్వవిద్యాలయాలకు మామూలుగా మూడు సిఫారసు ఉత్తరాలు కావాలి. మన దేశంలోనూ పేరున్న సంస్థలు చాలా అడుగుతాయి. విద్యార్థి మాస్టారి పేరు, ఈమెయిల్ ఇస్తాడు. మాస్టారికి లింకు వెళ్తుంది. అందులో ఒక పట్టిక ఉంటుంది: మీరు పాఠం చెప్పినవాళ్లలో ఇతడు మొదటి ఒక శాతంలోనా, ఐదు శాతంలోనా, పదిలోనా? ఎంతకాలంగా ఎరుగుదురు, ఏ సందర్భంలో?

మన దగ్గర మాస్టారు మంచివారే. కానీ ఏళ్ల తరబడి భర్తీ కాని పోస్టులు, ఇద్దరు ముగ్గురి పని ఒక్కరి నెత్తిన, క్లాసు నిండా పిల్లలు. 'నువ్వే రాసుకురా అమ్మా, సంతకం పెడతాను' అంటారు. విద్యార్థి రాసుకుంటాడు: కష్టపడే స్వభావం, క్రమశిక్షణ, సత్ప్రవర్తన. మూడు ఉత్తరాల్లోనూ అవే విశేషణాలు, ఒకే చేతి ఇంగ్లిషు. సంస్థ ఈమెయిల్‌కు బదులు జీమెయిల్ నుంచి వస్తే అవతలివాళ్లకు ఇంకో అనుమానం. ఇలాంటి ఉత్తరం వల్ల చెడేదేమీ ఉండకపోవచ్చు, కలిసొచ్చేదీ ఉండదు. 'సెమినార్‌లో ఈ అమ్మాయి నా రుజువులో లోపం పట్టుకుంది' అని ఒక్క నిజమైన వాక్యం ఉంటే చాలు, పేజీడు విశేషణాలు దాని ముందు ఆగవు. ఆ వాక్యం రావాలంటే ముందు ఆ సెమినార్ జరిగి ఉండాలి.

పరిచయం దారి చూపడం కొత్తేమీ కాదు. గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావు కథ చూడండి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎంఏ చేసి, అక్కడే పరిశోధన స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు పెట్టారు. గడువు దాటి అందిందని తిరస్కరించారు. సైన్యంలో గణితజ్ఞుడి ఉద్యోగం కోసం కలకత్తా వెళ్తే అదీ రాలేదు. అక్కడ పరిచయమైన ఒకాయన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ పొందుతున్నారు. ఆ మాట మీద రావు అక్కడికి వెళ్లి చూసి, 1941 జనవరిలో చేరారు. 1945 నాటికి క్రామర్-రావు అసమానత, 1948లో కేంబ్రిడ్జి పీహెచ్‌డీ, నూటరెండేళ్ల వయసులో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి. విశాఖలో ఆ దరఖాస్తు వేళకు అంది ఉంటే ఏమయ్యేదో ఎవరికెరుక!

గుంటూరు ఏసీ కాలేజీలో బీఎస్సీ, బొంబాయి యూడీసీటీ, పుణె ఎన్‌సీఎల్‌లో పీహెచ్‌డీ. ఇది ఐఐసీటీని 1985 నుంచి పదేళ్లు నడిపిన ఎ.వి.రామారావు దారి. డాక్టర్ రెడ్డీస్ పెట్టిన అంజిరెడ్డి దారీ అదే. ముందు నడిచినవాళ్లుంటే వెనక వచ్చేవాళ్లకు అడుగులు కనిపిస్తాయి. ఖగోళ శాస్త్రవేత్త వైణు బప్పు తండ్రి హైదరాబాదులోని నిజామియా వేధశాలలో పనిచేసేవారు. దుర్భిణుల మధ్య పెరిగిన ఆ కుర్రవాడు హైదరాబాద్ ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో హార్వర్డ్ వెళ్లి, 1949లో తోకచుక్కను కనిపెట్టినవాళ్లలో ఒకడయ్యాడు. తండ్రి వేధశాలలో లేనివాళ్ల మాటేమిటి? వాళ్లకు ఆ పరిచయం పని ద్వారానే రావాలి, ఆ పని మూడు స్టేషన్ల దూరంలో ఉంది.

ఒకప్పుడు ఈ రాకపోకలు సహజంగానే సాగేవి. ఐఐసీటీలో పరిశోధించినవాళ్లలో చాలామంది డిగ్రీ ఉస్మానియా నుంచి తీసుకునేవారు. 2011లో పార్లమెంటు చట్టంతో ఏసీఎస్‌ఐఆర్ వచ్చాక సీఎస్‌ఐఆర్ ల్యాబులకు సొంత డిగ్రీ ఏర్పడింది. వాళ్లకు అది సౌకర్యమే. క్యాంపస్‌కు మాత్రం ఒక పాత వాకిలి సన్నబడింది.

ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం ల్యాబుకు మెయిల్ పెట్టేవాళ్లు చేసే తప్పు ఒకటుంది. 'రెస్పెక్టెడ్ సర్' అని ఒకే మెయిల్‌ను వందమందికి పంపడం. వందమందీ దాన్ని ఒకేలా డిలీట్ చేస్తారు. ఆ శాస్త్రవేత్త పేపర్లలో ఒక్కటి, సగమే అర్థమైనా చదివి, అర్థంకాని చోటు గురించి నిజమైన ప్రశ్న ఒకటి అడిగితే ఐదు వాక్యాల మెయిల్ చాలు. జవాబు రాకపోతే రెండు వారాలాగి మర్యాదగా మరొకటి.

డాలర్లు, డిసెంబరు

అమెరికా సంగతి క్లుప్తంగా. అక్కడ సైన్సు, గణితంలో పీహెచ్‌డీకి మామూలుగా ఫీజు ఉండదు, పాఠం చెప్పినందుకో ల్యాబులో పనిచేసినందుకో జీతం ఇస్తారు. దానికి ముందు అప్పుచేసి ఎంఎస్ చేయాల్సిన పని లేదు, మన ఎమ్మెస్సీ చాలు. కన్సల్టెన్సీ బోర్డుల మీద ఈ మాట కనిపించదు. ఫీజు కట్టని విద్యార్థితో వాళ్లకేం పని? వాళ్లు రాసిచ్చే ఎస్‌ఓపీ చాలావరకు 'చిన్నప్పటి నుంచీ నాకు సైన్సంటే ప్రాణం' అన్నట్టే మొదలవుతుంది. మీరు ఏ ప్రశ్న వెంట పడ్డారో, ఎక్కడ దెబ్బతిన్నారో, ఆ విభాగంలో ఎవరితో పనిచేయాలనుకుంటున్నారో మీ ఇంగ్లిషులోనే రాయండి. జీఆర్‌ఈ చాలా విభాగాలు అడగడం మానేశాయి. కెమిస్ట్రీ సబ్జెక్ట్ టెస్టు 2023లో ఆగిపోయింది, గణితం, ఫిజిక్స్ ఉన్నాయి. దరఖాస్తు రుసుము ఒక్కోచోట వంద డాలర్ల అటూఇటూ. మినహాయింపు అడిగితే ఇచ్చే విభాగాలున్నాయి, అడగడానికి మొహమాటపడకండి.

2025లో అక్కడ పరిశోధన నిధులకు కోత పడి కొన్ని విశ్వవిద్యాలయాలు పీహెచ్‌డీ సీట్లు తగ్గించాయి. ఇచ్చిన ఆఫర్లు వెనక్కి తీసుకున్నవీ ఉన్నాయి. అందుకని అన్ని గుడ్లూ ఒకే బుట్టలో పెట్టొద్దు. యూరప్‌లో చాలాచోట్ల పీహెచ్‌డీ ఉద్యోగంలా ప్రకటనతో వస్తుంది. జర్మనీలో చదువుకు మన విద్యార్థుల్లో చాలామందికి 2022 నవంబరు నుంచి ఏపీఎస్ ధ్రువపత్రం కావాలి, దానికి సమయం పడుతుంది. ట్రాన్‌స్క్రిప్టులకూ అంతే. పరీక్షల విభాగం కౌంటర్ ముందు, గడువు మీదపడ్డ డిసెంబరులో నిలబడేకన్నా సెప్టెంబరులో నిలబడటం నయం.

ఈ ఏడాది గడువులు దాటిపోయాయనుకునే డిగ్రీ, ఎమ్మెస్సీ మొదటి ఏడాది వాళ్లకు ఇంకో దారి ఉంది. మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి పరిశోధన ఫెలోషిప్‌లో రెండు నెలలు ఒక శాస్త్రవేత్త దగ్గర పనిచేయనిస్తారు, భత్యం ఇస్తారు. సీసీఎంబీ, ఐఐసీటీల్లో పనిచేసేవాళ్లూ ఆ శాస్త్రవేత్తల జాబితాల్లో కనిపిస్తుంటారు. దరఖాస్తుతో పాటు మాస్టారి ఉత్తరం కావాలి. మూడు కాదు, ఒకటే.