సర్టిఫికెట్ అడిగేదెవరు?

నంద్యాలలో రాజీవ్‌గాంధీ మెమోరియల్ కళాశాల 1995లో, శాంతిరామ్ కళాశాల 2007లో మొదలయ్యాయి. ఆళ్లగడ్డ వైపు పల్లెల నుంచి వచ్చి ఇలాంటి కాలేజీల్లో కంప్యూటర్ సైన్స్ చదివే పిల్లలకు మూడో ఏడాది వచ్చేసరికి రెండు మాటలు వినబడతాయి. సర్టిఫికేషన్ లేనిదే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం రాదని ఒకటి, అదంతా దండగ ఖర్చని ఇంకొకటి. రెండూ అపోహలే. సర్టిఫికెట్‌కు విలువ ఉందా లేదా అని వాదించుకుంటాం గానీ, దాన్ని అడిగేది ఎవరు, ఎప్పుడు అడుగుతారు అన్నది తేల్చుకోం.

ముందు మాట దగ్గరే చిక్కుంది. వీడియోలు చూసి చివరి బటన్ నొక్కితే వచ్చే కాగితాన్నీ, పర్యవేక్షణలో పరీక్ష రాస్తే వచ్చే అర్హతపత్రాన్నీ మనం ఒకే పేరుతో పిలుస్తాం. మొదటిది హాజరుపట్టీతో సమానం. పది పోగుచేసి రెజ్యూమెలో వరుసగా పేర్చినా హాజరు హాజరే. ఐఐటీల ఆన్‌లైన్ కోర్సుల వేదిక ఎన్‌పీటీఈఎల్ అలాంటిది కాదు. పాఠాలు ఉచితం, పరీక్షకు మాత్రం రుసుము కట్టి కేంద్రానికి వెళ్లి రాయాలి. తుది మార్కుల్లో 75 శాతం ఆ పరీక్షవే. ఎన్‌పీటీఈఎల్ కోర్సులు కూడా ఉండే కేంద్ర ప్రభుత్వ వేదిక ‘స్వయం’ నుంచి 40 శాతం దాకా క్రెడిట్లు తెచ్చుకోవచ్చని యూజీసీ 2021లో నిబంధన కూడా చేసింది. కనుక కాలేజీ ఒప్పుకున్నచోట ఆ పత్రం డిగ్రీ లెక్కలోకే వస్తుంది. ఉద్యోగం మాట తర్వాత, చదువులో దాని ఉపయోగం మాత్రం కళ్లెదుటే ఉంది.

ఇక ఉద్యోగం సంగతి. పెద్ద సేవా కంపెనీలు ఫ్రెషర్లను తీసుకునేటప్పుడు మార్కుల శాతం, బ్యాక్‌లాగ్‌లు చూస్తాయి. ఆపైన ఆప్టిట్యూడ్, కోడింగ్ పరీక్షలు పెట్టి, ఇంటర్వ్యూ చేస్తాయి. టీసీఎస్ నేషనల్ క్వాలిఫయర్ టెస్ట్ దీనికి నమూనా. అమెజాన్ లాంటి బయటి సంస్థ ఇచ్చే క్లౌడ్ పత్రం చేతిలో ఉందని ఆ పరీక్షలో ఒక్క ప్రశ్నా తగ్గదు. ‘మరి ఇన్ఫోసిస్ ఇన్ఫీటీక్యూ మాటేమిటి, 2019లో వచ్చిన ఆ వేదికలో సర్టిఫికేషన్ సాధించినవాళ్లకు ఇంటర్వ్యూ అవకాశం ఇచ్చారు కదా’ అనవచ్చు. నిజమే ఇచ్చారు. అయితే పరీక్ష పెట్టిందీ ఇన్ఫోసిస్సే, తలుపు తెరిచిందీ ఇన్ఫోసిస్సే. పేరు సర్టిఫికేషనే గానీ, చేసిన పని నియామక పరీక్షది.

బయటి సంస్థల పత్రాలకు నిజమైన గిరాకీ వేరేచోట ఉంది, హైదరాబాద్ అమీర్‌పేటలోని కోచింగ్ బోర్డులు దాని గురించి చెప్పవు. అమెజాన్, మైక్రోసాఫ్ట్ తమ క్లౌడ్‌ను అమ్మిపెట్టే, నడిపిపెట్టే కంపెనీలకు భాగస్వామ్య హోదాలిస్తాయి. ఆ హోదా దక్కడానికి చూసేవాటిలో అర్హత పరీక్షలు పాసైన ఉద్యోగుల సంఖ్య ఒకటి. అంటే సర్టిఫికెట్ ఉన్న ఉద్యోగి తన కంపెనీ లెక్కలో ఒక అంకె. అందుకే చాలా కంపెనీలు చేరినవాళ్లకు పరీక్ష రుసుము తామే కట్టి మరీ రాయిస్తాయి. అదే పరీక్షకు ఇంకా ఉద్యోగంలో చేరని పిల్లవాడు ఇంట్లో డబ్బు అడుగుతాడు. అమెజాన్ ప్రారంభ స్థాయి క్లౌడ్ ప్రాక్టీషనర్ పరీక్షకే 100 డాలర్లు, ఎనిమిది వేల రూపాయలకు పైమాటే. 90 నిమిషాల్లో 65 ప్రశ్నలకు సరైన జవాబులు ఎంచుకోవాలి. కోడ్ రాయడం ఈ పరీక్ష పరిధిలోకి రాదని దాని మార్గదర్శక పత్రమే చెబుతుంది. డెవలపర్ కావాలనుకునేవాడు దాంతో తాను కోడ్ రాయగలనని ఎలా నిరూపించుకుంటాడు?

‘ఆళ్లగడ్డ శిల్పిని విగ్రహం చూసి నమ్ముతారు గానీ పట్టా అడుగుతారా’ అని కొట్టిపారేసేవాళ్ల వాదనా పూర్తిగా నిలవదు. విగ్రహం అందరి కంటికీ కనిపిస్తుంది. గిట్‌హబ్‌లో పెట్టిన కోడ్‌ను వేల దరఖాస్తులు వడపోసే హెచ్‌ఆర్ ఉద్యోగి తెరిచి చదవడు, చదివినా మంచిచెడ్డలు తేల్చలేడు. పని కనిపించనిచోట గుర్తుకు విలువ వస్తుంది. ఈ సంగతినే మైకేల్ స్పెన్స్ 1973లో సిద్ధాంతీకరించాడు, 2001లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ పంచుకున్నాడు. అయితే చేతకానివాడికి కష్టంగా ఉన్నంతకాలమే ఆ గుర్తు పనిచేస్తుందని కూడా ఆ సిద్ధాంతమే చెబుతుంది. బయట దొరికే పాత ప్రశ్నలు బట్టీపట్టి తరగతి మొత్తం పాసైతే, ఆ పత్రం ఎవర్నీ వేరుచేసి చూపదు. చిన్న కంపెనీలో క్లౌడ్ నిర్వహణ, టెస్టింగ్ లాంటి పనికి దరఖాస్తు చేస్తూ, ప్రకటనలోనే పరీక్ష పేరు కనిపిస్తే రాయడం సబబే. ముందే రాసి ఉంచుకుందామంటే గడువు అడ్డొస్తుంది. అమెజాన్ సర్టిఫికెట్ మూడేళ్లే చెల్లుతుంది. రెండో ఏడాది చివర్లో రాసినవాడికి కొలువులో చేరి ఏడాది తిరక్కముందే, కంపెనీ దాన్ని లెక్కలోకి తీసుకునే సమయానికి, కాలం తీరిపోతుంది.